గీత దాటిందా?

అక్టోబరు 3, గురువారం

టీవీ వాళ్ళు వచ్చి వెళ్ళారు. వాళ్ళు జరిపిన సోఫా ఇంకా గది మధ్యలోనే ఉంది. సర్దబుద్ధి కావడం లేదు.

మా దేశపు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మీద కార్యక్రమం చేస్తున్నారట. బ్రిటిషు గవర్నరు కుర్చీ వేయించుకుని చూసిన రోజుల నుంచి ఇవాళ్టి దాకా. "పాతవాళ్ళలో నోరు విప్పి మాట్లాడగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారండీ. ఒకాయనకి కళ్ళు లేవు, టీవీలో బాగుండదు" అన్నాడు వచ్చినతను. క్లేటన్ అట పేరు. ఈ మాల్టాలో పునీతుల పేర్లన్నీ అయిపోయాయి కాబోలు.

మా తమ్ముడు విస్తిన్‌కి టై నేనే కట్టాను. పొద్దున్నుంచీ బాగానే ఉన్నాడు. నన్ను అమ్మ పేరు పెట్టి ఒక్కసారే పిలిచాడు. కెమెరా ముందు కూర్చోగానే వయసు తగ్గినవాడిలా అందుకున్నాడు.

"గడ్డి ఎక్కడిది బాబూ మాకు? కంకర. బయటి దేశాల వాళ్ళు బస్సు దిగి ఆ నేల చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. వాళ్ళకి డబ్బుంది, కండ ఉంది, నేర్పేవాళ్ళున్నారు. మాకున్నదల్లా ఆ కంకరే. అది మమ్మల్నీ కోసేదనుకో. కానీ మాకు అలవాటు."

చివర్లో క్లేటన్ ముందుకి వంగాడు. "తప్పుగా అనుకోవద్దు విస్తిన్ గారూ. దేశమంతా అడిగే మాటే. తెల్ల చొక్కాల వాళ్ళతో ఆటలో, ఆఖరి నిమిషంలో, బంతి గీత దాటిందా, లేదా?"

ఇన్నేళ్ళలో ఎవరడిగినా విస్తిన్ లేచి వెళ్ళిపోతాడు. అదే వాడి జవాబు. ఇవాళ వెళ్ళలేదు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"ఉండండి. చూసొచ్చి చెప్తాను" అన్నాడు.

కొక్కేనికున్న టోపీ తీసి పెట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. క్లేటన్ నవ్వాడు, కెమెరా పట్టుకున్నతనూ నవ్వాడు. నేను వెళ్ళి టోపీ తీసి మళ్ళీ కొక్కేనికి తగిలించాను.

వాడు నవ్వించడానికి అనలేదు.

అక్టోబరు 6, ఆదివారం

భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చాను. లేచేసరికి విస్తిన్ ఇంట్లో లేడు. వెతకడానికి బయల్దేరుతుంటే తనే మెట్లెక్కి వచ్చాడు. చర్చికి వెళ్ళానన్నాడు.

చెప్పుల నిండా సున్నం.

అక్టోబరు 8, మంగళవారం

జున్ను కూరిన పస్తిట్సి కొందామని ఊరి బ్యాండు వాళ్ళ క్లబ్బు దాకా వెళ్ళాను. కౌంటరు వెనక లిప్పు నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏం విటొరీన్, మీ తమ్ముడు టీవీకి చెప్పేశాడటగా, మాకు చెప్పకుండా?"

"ఏమీ చెప్పలేదు."

"చెప్పకపోవడమే మంచిది. చెప్పాడంటే నా కొట్టు మూతబడుతుంది. ఈ బల్లల మీద అమ్ముడుపోయిన టీలో సగం ఆ బంతి పుణ్యమే."

అప్పటికే ఇద్దరు ముసలాళ్ళు బల్ల మీద ఉప్పుబుడ్డి ఒక స్తంభం, మిరియాలబుడ్డి ఒక స్తంభం చేసి, మధ్యలో ఆలివ్ కాయ పెట్టి కొట్లాడుకుంటున్నారు. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ ఆలివ్ కాయ ఎటువైపు ఉండాలో తేల్చి చెప్పలేనిది నేనొక్కదాన్నే. ఆడవాళ్ళు మైదానానికి వెళ్ళే రోజులు కావవి. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో మిషను కుడుతూ కూర్చున్నాను. నాకు తెలిసింది అందరూ చెప్పుకున్నదే. ఎప్పుడూ ఓడిపోయే మా జట్టు, ఉత్తరాది నుంచి వచ్చిన ఆ తెల్ల చొక్కాల మహాజట్టుని ఆఖరి నిమిషం దాకా ఒక్క గోల్ కొట్టనివ్వలేదు. ఆఖరి నిమిషంలో వాళ్ళవాడు తలతో కొట్టిన బంతి మీద గోల్ కాసే విస్తిన్ బోర్లా పడ్డాడు, సరిగ్గా గోల్ గీత మీద. లోపలా, బయటా? రిఫరీ గోల్ అన్నాడు. ఆట అయిపోయింది.

వాడు ఇంటికొచ్చాక నేను గోరువెచ్చని నీళ్ళతో మోకాళ్ళు కడిగాను. ఇరుక్కున్న రాళ్ళు సూదితో తీశాను. ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

అక్టోబరు 13, ఆదివారం

ష్లొక్ గాలి మొదలైంది. దక్షిణం నుంచి వచ్చే ఈ తేమగాలికి గోడలు చెమటలు పడతాయి, పక్కబట్టలు ఆరవు.

మధ్యాహ్నం డాబా మీద దుప్పట్లు తీస్తుంటే ఆ ఆట జరిగిన పాత మైదానం వైపు నుంచి హోరు వినిపించింది. సముద్రం ఆ వైపు లేదు. పెద్ద జనం ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు, పీల్చి వదలకుండా ఉండిపోయినట్టు. ప్రేక్షకుల మెట్ల మీద రేకులు ఊడి వేలాడుతున్నాయి కదా. గాలి వాటిలోంచి దూరుతుంది.

గాలే.

అక్టోబరు 14, సోమవారం

డాబా మీదనుంచి చూస్తే మైదానంలో గీతలు కనిపిస్తున్నాయి. పిచ్చిసోపు మొక్కల మధ్యనుంచి తెల్లగా, నాలుగు వైపులా. మధ్య గుండ్రం కంచం బోర్లించి గీసినట్టుంది.

కొత్త గడ్డి మైదానం కట్టి దీనికి తాళం వేసి పదిహేనేళ్ళు దాటింది. మునిసిపాలిటీ వాళ్ళు ఏదో కొలుస్తున్నారేమో.

అక్టోబరు 20, ఆదివారం

ఇవాళ నిద్రపోలేదు. వాడు మెల్లగా తలుపు వేసి వెళ్ళగానే డాబా ఎక్కాను. వీధిలో పురుగు లేదు. ఎండకి అందరూ తలుపులేసుకుని పడుకున్నారు. విస్తిన్ గోడ పగిలిన చోట వంగి లోపలికి దూరాడు. గోల్ స్తంభాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బకెట్లో బ్రష్షు ముంచి గీత గీశాడు. గీసి, వెనక్కి వాలి చూశాడు. మళ్ళీ గీశాడు. గీసింది ఆ ఒక్క గీతే. స్తంభానికీ స్తంభానికీ మధ్య.

మిగతావాటి జోలికి పోలేదు. అవి పోయినవారం కంటే తెల్లగా ఉన్నాయి.

హోరు మళ్ళీ వచ్చింది. గాలి ఉంది కూడా. ఉంది, దుప్పటి అంచు కదిలింది.

అక్టోబరు 22, మంగళవారం

ఫ్రెదు దగ్గరికి వెళ్ళాను. మా వీధి చివరిల్లే. జట్టులో వెనక కాపు ఆడేవాడు, విస్తిన్‌కి కుడిభుజం. చక్కెర జబ్బు కళ్ళు తీసుకుపోయింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని, నా అడుగుల చప్పుడుకే "రా విటొరీన్, ఏం వండావు?" అన్నాడు. చిక్కుళ్ళ సూప్ గిన్నె చేతికిచ్చాను.

విస్తిన్ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఉత్తరాదికి వెళ్ళి ఏడు గోల్స్ తిన్నాం, ఎనిమిది తిన్నాం" అన్నాడు. "వాటి గురించి ఒక్కడైనా అడుగుతాడా? అన్నీ శుభ్రంగా లోపలికే వెళ్ళాయి, దేవుడి దయవల్ల. అడిగేదల్లా ఈ ఒక్కదాన్నే."

"నువ్వు పక్కనే ఉన్నావు కదా."

"ఉన్నాను. వాడు పడ్డప్పుడు లేచిన దుమ్మంతా నా కళ్ళల్లోనే పడింది. కళ్ళున్న రోజునే చూడలేకపోయాను." సూప్ చెంచా ఆపాడు. "నీకో సంగతి తెలుసా? విజిల్ అయ్యాక జనం లేవలేదు. తిట్టలేదు, అరవలేదు. అలాగే కూర్చున్నారు. మేము బట్టలు మార్చుకుని బయటికొచ్చేసరికి కూడా కూర్చునే ఉన్నారు. నేను వెళ్ళిపోయాను. వాళ్ళు లేచి ఇళ్ళకి వెళ్ళడం నేను చూడలేదు. చూశానన్నవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు."

"ఏంటి ఫ్రెదు ఆ మాటలు."

"ఆదివారం మధ్యాహ్నం నీకూ వినిపిస్తోందా?"

గాలి అన్నాను.

"ఊఁ. గాలి" అన్నాడు, చిన్నపిల్లకి సర్దిచెప్పినట్టు.

అక్టోబరు 27, ఆదివారం

విస్తిన్ ఫ్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగి రక్తం. వాడు గీసే గీత వెనక్కి జరుగుతోంది. డాబా మీదనుంచి స్పష్టంగా తెలుస్తోంది. స్తంభాల మధ్య ఉండాల్సింది, వాటి వెనక జానెడు, దాని వెనక ఇంకో జానెడు. పాతవి చెరపడం లేదు. ఎద్దు డొక్కలో ఎముకల్లా వరసగా ఉన్నాయి.

గీత ఎంత వెనక్కి పోతే బంతి అంత బయట ఉన్నట్టు. అర్థమవుతోంది నాకు.

రాత్రి భోజనం దగ్గర "అక్కా, నా మోకాలి పట్టీలేవి?" అని అడిగాడు. కాన్వాసులో దూది కూరి నేనే కుట్టేదాన్ని ఆ రోజుల్లో. ఎప్పుడో పారేశాను.

అక్టోబరు 29, మంగళవారం

కొత్త పట్టీలు కుట్టాను. మోకాళ్ళు చెడకుండా ఉండాలి కదా. అందుకే.

నవంబరు 2, శనివారం

ఆత్మల పండగ. అమ్మానాన్నల సమాధి కడిగి చేమంతులు పెట్టొచ్చాం. పూజ అయ్యాక సిస్టర్ బెనీన్యా నన్ను పక్కకి పిలిచింది. వాళ్ళ వృద్ధాశ్రమంలో మగవాళ్ళ గదిలో ఒక మంచం ఖాళీ అయిందట. "నీ వయసు కూడా చూసుకో విటొరీన్. ఎన్నాళ్ళు మోస్తావు?"

మాకేం అవసరం లేదు సిస్టర్, వాడు బాగానే ఉన్నాడు అన్నాను. బాగానే ఉన్నాడు. పట్టీలు పెట్టుకున్నాక రక్తం రావడం లేదు.

నవంబరు 3, ఆదివారం

 ఇది ఇప్పుడే రాయాలి.

పొద్దున్నుంచీ ఎర్రటి ఆకాశం. ష్లొక్ ఎడారి దుమ్ము మోసుకొచ్చింది. కిటికీ గట్ల మీద ఇటుక పొడి. మధ్యాహ్నం విస్తిన్ వెళ్ళాడు. నేను డాబా ఎక్కాను గానీ దుమ్ములో మైదానం కనిపించలేదు. హోరు మాత్రం ఎప్పటికంటే దగ్గరగా ఉంది. అందులో దగ్గులు విన్నాను. ఎవరో అగ్గిపుల్ల గీసిన చప్పుడు విన్నాను. రేకులు దగ్గవు.

కిందకి దిగి, తలకి రుమాలు కట్టుకుని, నా జన్మలో మొదటిసారి ఆ మైదానంలో అడుగు పెట్టాను.

గోడ కంతలోంచి దూరగానే హోరు ఆగిపోయింది. గాలి కూడా ఆగింది. చర్చిలో ఆలస్యంగా వచ్చినవాళ్ళని అందరూ తల తిప్పి చూస్తారే, అలా అనిపించింది. మెట్ల మీద ఎవరూ లేరు. రేకులు, పావురాల రెట్టలు, సిమెంటు పగుళ్ళలో మొలిచిన మొక్కలు. కానీ తల వంచుకునే నడిచాను. సున్నం గీతల పక్కన బూట్ల గుర్తులున్నాయి. అడుగున మేకులుండే ఆట బూట్లవి. చాలా ఉన్నాయి. విస్తిన్ వేసుకున్నవి ఇంటి చెప్పులు.

వాడు స్తంభాల మధ్య బోర్లా పడి ఉన్నాడు. పడిపోయాడనుకుని పరిగెత్తాను. పడిపోలేదు. పడుకున్నాడు, ఆ రోజు పడుకున్నట్టు. రెండు చేతులూ ముందుకి చాచి దేన్నో పొదివి పట్టుకున్నాడు. చేతుల మధ్య ఏమీ లేదు. ఏమీ లేదు గానీ, అక్కడ కంకర మాత్రం గుండ్రంగా అణిగి ఉంది, బరువు మోస్తున్నట్టు.

"లే విస్తిన్. ఇంటికి పోదాం."

"కదిపితే ఎలా అక్కా. కదిపితే ఇంకెప్పటికీ తెలీదు." మొహం నేలకానే ఉంది. గొంతు మామూలుగా ఉంది, చిన్నప్పుడు లెక్క తప్పితే అడిగేవాడే, అలా. "నాకు ఇక్కడినుంచి కనిపించదు. ఆ రోజూ కనిపించలేదు. బంతి నా ఛాతీ కింద ఉంది, నేనెలా చూస్తాను? అందరూ నన్నే అడుగుతారు. నువ్వొక్కదానివే అడగలేదు. నువ్వు చూసి చెప్పు."

నేను వంగాను. అణిగిన కంకర పక్కనే వాడు గీసిన గీతలన్నీ ఉన్నాయి. ఏది గీతో నాకెలా తెలుస్తుంది? వెనక మెట్ల మీద అంతమంది ఊపిరి బిగబట్టారు. నా వీపు మీద ఆ బరువు తెలిసింది. మా నాన్న వాడే చవకరకం పొగాకు వాసన వచ్చింది. నాన్న ఆ రోజు ఆటకి వచ్చాడు.

ముసలివాడు, నా తమ్ముడు, నేల మీద పడున్నాడు. ఏం చెప్తే లేస్తాడో అదే చెప్పాను.

"దాటలేదు విస్తిన్. బయటే ఉంది."

ఆ అరుపు గురించి రాయలేను. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. నా చెవులు ఇప్పటికీ మూసుకుపోయి ఉన్నాయి. విస్తిన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మొహంలో సంతోషం కోసం వెతికాను.

"దాటలేదా?" అన్నాడు. "అయితే ఆట ఇంకా అయిపోలేదు."

స్తంభాల మధ్యకి వెళ్ళి, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు చాచి నిలబడ్డాడు.

లాక్కురావడానికి చాలా కష్టపడ్డాను. కానీ సంతోషంగానే ఉన్నాడనుకుంటున్నాను. ఇన్నేళ్ళ బరువు దిగింది కదా.

నవంబరు 4, సోమవారం

కూర్చోడు.

నవంబరు 5, మంగళవారం

రాత్రంతా బీరువాకి వీపు పెట్టి నిలబడే ఉన్నాడు. చేతులు చాచి. "ఫ్రెదూ, ఎడమవైపు! ఎడమవైపు వాడిని వదిలేశావు!" అని అరుస్తాడు. రొట్టె చేతికిస్తే పక్కన పడేస్తాడు, చేతులు ఖాళీగా ఉండాలట.

నవంబరు 6, బుధవారం

నేను ఫ్రెదుతో చెప్పాను. ఫ్రెదు క్లబ్బులో చెప్పాడు. ఇవాళ అటుగా వెళ్తే లిప్పు కౌంటరు వదిలి బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "అక్క చూసిందటరోయ్! అక్క దగ్గరుండి చూసింది! ఓడిపోలేదు మనం!" ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పుబుడ్డీ మిరియాలబుడ్డీ వాటి చోట అవి ఊరికే ఉన్నాయి.

నేను ఎప్పుడు చూశానని ఒక్కరూ అడగలేదు. లిప్పు టీకి డబ్బులు తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి విస్తిన్ పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

నవంబరు 9, శనివారం

సిస్టర్ బెనీన్యా మనుషుల్ని తీసుకొచ్చింది. ఇద్దరు పట్టుకుంటే గానీ కారులో కూర్చోలేదు. మంచం మీద కట్టేయమంటారా అని అడిగారు. వద్దన్నాను. మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు.

నవంబరు 10, ఆదివారం

గాలి ఎప్పుడో పోయింది. సముద్రం అద్దంలా ఉంది. హోరు మాత్రం ఆగలేదు. పొద్దున్న మొదలైంది, ఇంకా ఉంది. కిటికీలు మూశాను. చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆట జరుగుతోంది. బంతి ఎటుపోతే హోరు అటు వంగుతోంది.

ఆశ్రమంలో డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. గుండె ఇలా ఎన్నో రోజులు తట్టుకోదన్నాడు. దేనికోసం ఎదురుచూస్తున్నాడో మీకేమైనా తెలుసా అని అడిగాడు.

తెలీదన్నాను.

నవంబరు 11, సోమవారం

విజిల్ కోసం.

మూడో తారీఖు నుంచీ నాకు తెలుసు. ఆ రోజు రిఫరీ గోల్ ఇచ్చాడు, అక్కడితో ఆట అయిపోయింది. గోల్ లేకపోతే ఆట అయిపోవడమూ లేదు. నేను చెప్పిన మాటతో వాడిని మళ్ళీ స్తంభాల మధ్య నిలబెట్టాను. ప్రేమతోనే నిలబెట్టాను.

ముందు ఫ్రెదుకి చెప్పడం న్యాయం అనిపించింది. గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, చెవి మైదానం వైపు పెట్టి. మొహం వెలిగిపోతోంది. "విన్నావా? ఇప్పుడే ఇంకోటి ఆపాడు" అన్నాడు.

"రేపు వెళ్ళి దాటిందని చెప్తాను ఫ్రెదూ."

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నీకు మతిపోయిందా? ఈ దేశం పుట్టినప్పటి నుంచీ ఆడిన ఆటలన్నీ కలిపి మనకి మిగిలింది ఒక్కటి. ఒక్కటి! దాన్ని కూడా ఇచ్చేస్తావా?"

"వాడు చచ్చిపోతాడు."

"స్తంభాల మధ్య పోతాడు. అంతకంటే ఏం కావాలి వాడికి? నువ్వెప్పుడైనా ఆడావా? ఆడదానివి, మోకాళ్ళు కడిగావు, అంతే. నీకేం తెలుసని తీర్పు చెప్తావు?"

"మోకాళ్ళు కడిగాను కాబట్టే" అన్నాను. ఫ్రెదు కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాడు.

నవంబరు 12, మంగళవారం

మధ్యాహ్నం వెళ్ళాను. విస్తిన్ అలాగే నిలబడి ఉన్నాడు. పెదాలు పగిలాయి. జ్వరంతో ఒళ్ళంతా కాలుతోంది. మిగతా మంచాల వాళ్ళు అటువైపు తిరిగి పడుకున్నారు. తిట్టీ తిట్టీ అలిసిపోయారట.

నేను వాడి ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "పక్కకి తప్పుకో అక్కా, బంతి కనపడటం లేదు" అన్నాడు. తప్పుకోలేదు.

"విస్తిన్, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మళ్ళీ చూశాను."

చేతులు దించలేదు. కళ్ళు మాత్రం నా మీదకి వచ్చాయి.

"దాటింది" అన్నాను. "పూర్తిగా దాటింది. గోల్."

గదిలో ఒక్క చప్పుడు లేదు. దూరంగా హోరు కూడా ఆగిపోయింది. ఆగిపోతే తెలిసింది, అది ఇక్కడిదాకా కూడా వినిపిస్తోందని.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"దగ్గర్నుంచా?"

"వంగి చూశాను."

"ఒక్క గోలేనా?"

"ఒక్కటే."

వాడు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. పట్టేశాడనుకున్నాను. చిన్నప్పుడు నా అబద్ధాలన్నీ పట్టేసేవాడు. తర్వాత చేతులు దించి, మంచం అంచు మీద కూర్చుని, "పట్టీలు విప్పవా" అన్నాడు. విప్పాను. పడుకోబెట్టాను. దుప్పటి కప్పేలోపే నిద్రపోయాడు.

బస్సు దిగేసరికి వాన. ఈ ఏడు మొదటి వాన. ఇల్లు చేరి బట్టలు మార్చుకుంటుంటే వీధిలో అడుగులు వినిపించాయి. ఒకరిద్దరివి కాదు. కిటికీ తీశాను. వీధి ఖాళీగా ఉంది. దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి, రాళ్ళ మీద నీళ్ళు పారుతున్నాయి. అడుగులు మాత్రం మైదానం వైపు నుంచి వస్తూనే ఉన్నాయి, వేలకొద్దీ, మా కిటికీ కిందనుంచి, తొందర లేకుండా. ఎవరో గొణుక్కున్నారు. ఎవరో తుమ్మారు. ఎవరో "పోనీలేరా" అన్నారు, ఇంకెవరో చిన్నగా నవ్వారు. ఆట అయ్యాక ఇళ్ళకి పోయే జనం చప్పుడే అది. మిషను ముందు కూర్చుని ఎన్ని ఆదివారాలు విన్నానో.

వీధి చివర ఫ్రెదు తన గుమ్మంలో వానలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. తల అడుగులతో పాటు మెల్లగా ఇటునుంచి అటు తిరుగుతోంది. మధ్య మధ్య పేర్లు పెట్టి పలకరిస్తున్నాడు. నన్ను పలకరించలేదు.

జనం అంతా పోయాక చివరగా ఒక్క జత వచ్చింది. మేకుల బూట్లు, రాళ్ళ మీద టకటకమంటూ. కొంచెం కుంటుతున్న నడక. మా తలుపు ముందు ఆగింది.

నేను మెట్లు దిగాను. దిగేసరికి మళ్ళీ కదిలింది. తలుపు తీసి చూస్తే వాన తప్ప ఏమీ లేదు.

నవంబరు 13, బుధవారం

సిస్టర్ ఫోన్ చేస్తుందని పొద్దున్నుంచీ ఫోన్ పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం చేసింది. జ్వరం పూర్తిగా దిగింది, గిన్నెడు సూప్ తాగాడు, అద్భుతం విటొరీన్ అంది.

ఏడ్చాను. నవ్వాను కూడా. ఎంత పిచ్చిదాన్ని.

క్లబ్బు ముందునుంచి వెళ్ళాను. ఎవరూ లేవలేదు. లిప్పు గ్లాసులు తుడుస్తూ అటు తిరిగాడు. ఫరవాలేదు.

నవంబరు 14, గురువారం

గుడ్లూ జున్నూ పెట్టి చేసిన పిండివంట, శుభ్రమైన చొక్కా, గడ్డం గీసే సామాను తీసుకుని వెళ్ళాను. విస్తిన్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో తల దువ్వారు. మొహం తేరుకుంది. చేతులు ఒళ్ళో, ఒకదాని మీద ఒకటి. ఆ చేతులు అంత తీరిగ్గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నన్ను చూసి మర్యాదగా సగం లేచాడు.

"కూర్చోండమ్మా. మీరు ఎవరి కోసం వచ్చారు?"

నా పేరు చెప్పాను. తల ఊపాడు, మంచి పేరే అన్నట్టు.

"విస్తిన్ కోసం వచ్చాను" అన్నాను.

"అయ్యో, విస్తిన్ కోసమా?" అన్నాడు. నొచ్చుకున్నాడు నా కోసం. "ఆట అయిపోయిందిగా. మొన్ననే అందరితో పాటు వెళ్ళిపోయాడు. మీకు దారిలో కనిపించలేదా?"